కుల్లాయి కింద మొక్కు

నన్ను చాలా ఏళ్లుగా ఒక సందేహం వదలడం లేదు. మనం మొక్కు చెల్లించేది దేవుడికా, చుట్టాల కళ్లకా? దేవుడి మీద నాకు సందేహం లేదు. పొద్దున దీపం పెట్టనిదే కాఫీ ముట్టని ఇంట్లో పుట్టినవాణ్ణి. సందేహమంతా మన మీదే. ఆయన అడిగేది గుప్పెడు వెంట్రుకలు. మనం ఇచ్చేది గుప్పెడు వెంట్రుకలు, ఒక ఫ్లెక్సీ, ఒక డ్రోను, రెండు రకాల స్వీట్లు, అలిగిన ఒక బంధువు. ఇన్ని ఇచ్చినా ఆయన మనల్ని చూసి ఎప్పుడైనా నవ్వాడా, నవ్వితే అది ఎలాంటి నవ్వు అని నాకు అనుమానం. హిందూపురం కృష్ణకాంత్ ఇంటి సంగతి తెలిశాక ఆ అనుమానం ఇంకా ముదిరింది.

కృష్ణకాంత్‌కు హిందూపురంలో చింతపండు మండీ ఉంది. ఉగాది ముందు రోజులంటే ఆ ఊళ్లో చింతపండు రోజులు. బస్తాలు దిగుతుంటాయి, వీధంతా పుల్లటి వాసన, పిల్లల వేళ్లన్నీ జిగట. ఆ రద్దీలో కూడా ఆయన కొడుకు పుట్టువెంట్రుకల కోసం ఒక రోజు కేటాయించాడు. కేటాయించినట్టు ఊరందరికీ చెప్పాడు కూడా.

మొక్కు ఆయనది కాదు, భార్య వసుధది. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉన్నప్పుడు, ఆ అద్దానికి నుదురు ఆనించి ఆమె పెనుకొండ కొండవాలున ఉన్న తమ ఇంటి దేవుడు నరసింహస్వామికి మాట ఇచ్చింది: "వీణ్ణి నాకియ్యి సామీ. వీని తల మీద మొదటి కత్తి నీ వాకిట్లోనే పడతాది. అంతదాకా కత్తెర తగలనీయను." స్వామి తన మాట నిలబెట్టుకున్నాడు. ఆమె కూడా నిలబెట్టుకుంది. వాడి జుట్టు భుజాల దాకా పెరిగింది. జడ వేసింది, రబ్బరు బ్యాండు కట్టింది. "పాప పేరేంటి?" అని అడిగిన ప్రతివాళ్లకూ నవ్వుతూ జవాబు చెప్పింది. ఇంకో వారంలో బిడ్డకు మూడేళ్లు నిండి నాలుగో ఏడు పడుతుంది. సరి సంవత్సరంలో పుట్టువెంట్రుకలు తీయరు. ఉగాది లోపల మంచి రోజు ఇదొక్కటే మిగిలింది.

గుడికి వెళ్లి, గుండు కొట్టించి, కొబ్బరికాయ కొట్టి వచ్చే పని. కృష్ణకాంత్ చేతిలో పడి అది 'కేశఖండన మహోత్సవం' అయింది. ఫ్లెక్సీ మీద చేతులు జోడించిన కృష్ణకాంత్ నిలువెత్తున ఉన్నాడు. ఆయన మోకాలి దగ్గర 'మాస్టర్ రుద్రాంశ్' అన్న పేరుతో బిడ్డ ఉన్నాడు. ఇంట్లో ఆ పేరు పలకగలిగినవాళ్లు లేక అందరూ వాణ్ణి చిన్నా అంటారు. మొక్కు అందుకోవలసిన స్వామి పైన ఒక మూలన, పోస్టు స్టాంపంత చోటులో సర్దుకున్నాడు.

ఆ రోజు ఉదయం ప్లాను తేలికైనదే. హిందూపురం నుంచి టెంపో ట్రావెలర్‌లో చుట్టాలు, మండీ మిత్రులు బయలుదేరతారు. ధర్మవరం నుంచి వసుధ అన్న ఉమాశంకర్ కొత్తబట్టలతో కారులో వస్తాడు. మేనమామ ఒళ్లో బిడ్డను కూర్చోబెట్టుకుని మొదటి కత్తిరింపు వేస్తాడు. మిగతాది మంగలి నాగప్ప చూసుకుంటాడు. మధ్యాహ్నానికి ఓళిగలతో, అంటే బొబ్బట్లతో, భోజనం.

తెల్లవారుజామున వసుధ బిడ్డకు తలంటుదామని జడ విప్పింది. ఎడమ చెవి పైన ఆమె వేళ్లకు జుట్టు తగలలేదు. దీపం దగ్గరికి తీసుకెళ్లి చూసింది. గారె అంత మేర వెంట్రుకలు లేవు. కత్తెరతో, మొదలంటా, శ్రద్ధగా కోసినట్టుంది.

ఆ ఇంట్లో కత్తెర పట్టే ఓపిక ఉన్నది ఒక్కరికే. ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నాలు ఏం చేయాలో తెలియని ఆరేళ్ల వీణ. వసుధ కూతుర్ని పక్క మీదనే లేపి కూర్చోబెట్టింది.

"నువ్వేనా తమ్ముని జుట్టు కోసింది?"

"పుట్టెంట్రుకల ఆట ఆడుకున్యామమ్మా," అంది వీణ కళ్లు నులుముకుంటూ. "బొమ్మకు ముందు తీసినాం. బొమ్మ ఏడ్సలేదు. తమ్ముడు గూడా ఏడ్సలేదు."

"యాడ ఉండాయే ఆ వెంట్రుకలు?"

వీణ నోరు తెరిచేలోగా దేవుని గది నుంచి అత్తగారు రంగమ్మ కేక వినబడింది. "గూట్లో ఈ టెంకాయ పీచు ఎవురు ఏసినారే? ఇది దేవుని గూడేనా, చెత్తకుప్పనా?" చీపురు చప్పుడు. ఆ వెంటే రంగమ్మ ఇటు వస్తున్న అడుగుల చప్పుడు.

రంగమ్మ ఆచారం గురించి ఒక్క మాట చెప్పాలి. ఆమె మడి కట్టుకుంటే గోడ మీది బల్లి కూడా దూరంగా జరిగేది. తన వంశంలో తప్పు అన్నది జరగలేదని, జరిగితే అది కోడళ్లతో పాటు వచ్చిందని ఆమె గట్టి నమ్మకం. అలాంటి మనిషికి ఆ గారె అంత ఖాళీ కనబడితే ఏమవుతుందో వసుధకు బాగా తెలుసు. బీరువాలోంచి చలికాలపు ఉన్ని కుల్లాయి లాగి, బిడ్డ తలకు చెవుల మీదుగా తొడిగేసింది. తలంటు మానేసింది.

"ఈ ఎండల్లో వానికి కుల్లాయేమే?" అంది రంగమ్మ గడపలో నిలబడి.

"దిష్టి తగల్తాదని అత్తా. గుడి కాడ తీస్తా."

దిష్టి అనేసరికి రంగమ్మ సంతోషించింది. ఆచారం పేరు చెబితే ఆమె ఏదైనా నమ్ముతుంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి దాసమ్మ కరివేపాకు కోసం వచ్చింది. దాసమ్మ చెడ్డ మనిషి కాదు. చూసినది చూసినట్టు చెప్పదు, అంతే. చూసినదాని నుంచి తేల్చుకున్నది చెబుతుంది. ఆ ఉదయం ఆమెకు కనబడినవి ఇవి: అరుగు మీద చేటలో ఉగాది కోసం ఆరబోసిన వేపపూత, పక్కన వేపకొమ్మలు. చెమటలు కారుతున్నా తల కప్పుకుని అమ్మ ఒళ్లో నీరసంగా పడుకున్న బిడ్డ. మొక్కు తీరేదాకా ఉపవాసం కనుక పొయ్యి వెలగని వంటిల్లు, తాలింపు వాసన లేని ఇల్లు. ఏడ్చి ఎర్రబడిన వసుధ కళ్లు.

"ఏమాయ తల్లీ బిడ్డకు?" అంటూ ఆమె తల నిమరబోయింది.

"వాని తల ముట్టుకోవద్దక్కా!" అని వసుధ అరిచినంత పని చేసింది. అరిచాక తనే తగ్గి, "అంతా ఆ సామి దయ. ఈ పొద్దు గడిస్తే సాలు," అంది.

దాసమ్మకు ఇంకేం కావాలి! ఎండాకాలం మొదలు, వేపాకు, తాలింపు లేని ఇల్లు, ముట్టుకోకూడని తల. మా వైపు ఏ ఇల్లాలైనా ఈ నాలుగూ కలిపితే ఒక్కటే తేలుతుంది: బిడ్డకు అమ్మవారు పోసింది. ఆమె గబగబా నాలుగడుగులు వెనక్కి వేసి, చెంపలేసుకుని, మూడేళ్ల చిన్నాకు వంగి దండం పెట్టింది. "తల్లీ, సల్లంగా సూడు. వచ్చినదారిన సల్లంగా పో." చిన్నా మర్యాదగా తల ఊపాడు. దాసమ్మ కరివేపాకు మరచిపోయి వెళ్లిపోయింది.

వసుధ అది తన మొక్కు మీద భక్తి అనుకుంది. దాసమ్మ మీద మొదటిసారి గౌరవం కలిగింది కూడా.

దాసమ్మ కూతురు ధర్మవరంలో, ఉమాశంకర్ వాళ్ల వీధిలోనే ఉంటుంది. మండీ మిత్రుల భార్యల్లో సగం మందితో దాసమ్మకు చీటీల స్నేహం. ఇక ఫోను ఎటు వెళ్లిందో చెప్పనక్కరలేదు.

టెంపో నిండుగా బయలుదేరింది. ముందు సీట్లో కృష్ణకాంత్, బెంగళూరులో దువ్వించుకుని వచ్చిన తలతో. వెనక వసుధ, కుల్లాయిలో చిన్నా, రంగమ్మ, వీణ. ఆ వెనక వ్యాపారస్తులు, వాళ్ల ఆడవాళ్లు. అన్నిటికన్నా వెనక, స్వీట్ల పెట్టెల పక్కన, రంగమ్మ తమ్ముడు పాండురంగ. రొళ్ల అనే ఊరి దగ్గర సేద్యం చేసుకునే మనిషి. బక్కగా, ఎండు చింతకాయలా ఉంటాడు. అక్కాతమ్ముళ్ల మధ్య మాటలు తక్కువ. ఉన్న నాలుగు కూడా ఎత్తిపొడుపులే. పిలవకపోతే ఊళ్లో బాగుండదని కృష్ణకాంత్ ఆఖరు నిమిషంలో పిలిచాడు. ఆయన ఆ పిలుపు కోసమే కాచుకున్నట్టు తొలి బస్సుకే వచ్చేశాడు.

ఊరు దాటగానే వెనక సీట్లలో ఫోన్లు మోగడం మొదలయింది. ఒకామె ఫోను విని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చూసి పక్కామె పెట్టుకుంది. గుసగుసలు సీటు నుంచి సీటుకు పాకాయి. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. డ్రైవరు చెవిన కూడా పడింది. అతను దారిలో బండి ఆపి, వేపమండ ఒకటి విరిచి అద్దం ముందు గుచ్చి, మళ్లీ వెనక్కి తల తిప్పలేదు.

సోమందేపల్లి దగ్గర, "టీ తాగుదాం కృష్ణకాంతూ," అని పెద్ద వ్యాపారి ఒకాయన దిగాడు. ఆయన వెంట భార్య దిగింది. వాళ్ల వెంట మిగతావాళ్లు. దిగేవాళ్లు దిగే ముందు చిన్నా వైపు తిరిగి చేతులు జోడించడం కృష్ణకాంత్ అద్దంలో చూశాడు. ఆయన ఛాతీ పొంగింది.

"సూసినావా?" అన్నాడు భార్యతో. "నా కొడుకంటే మార్కెట్టులో ఎంత మర్యాదో! పెద్దపెద్దోళ్లు దండాలు పెడ్తాండారు."

"మీవాళ్లు టీ అంగడికి గాదండీ, బస్సు ఎక్కతాండారు," అంది వసుధ కిటికీలోంచి చూస్తూ.

హిందూపురం వెళ్లే బస్సు వాళ్లందర్నీ ఎక్కించుకుని కదిలింది. పాండురంగ ఒక్కడే మిగిలాడు. "మీకు భయం లేదా మామా?" అని డ్రైవరు అడిగితే, "ఏమి భయమబ్బా?" అన్నాడు ఆయన మైసూర్‌పాక్ పెట్టె తెరుస్తూ. "నాకు ఫోను లేదు."

పెనుకొండ చేరేసరికి కొండ మీద ఎండ చిటపటలాడుతోంది. దారి పక్క కానుగ చెట్లు మాత్రం చిగుళ్లతో చల్లగా ఉన్నాయి. గుడి ముందు మంగలి నాగప్ప కత్తి నూరుకుని సిద్ధంగా ఉన్నాడు. ఫొటోగ్రాఫరు గంగాధర్ డ్రోను సర్దుతున్నాడు. డ్రైవరు దిగి వాళ్లిద్దరి చెవుల్లో ఒక మాట వేశాడు. నాగప్ప కత్తి తుడిచి పెట్టెలో పెట్టేశాడు. గంగాధర్ డ్రోను ఎత్తుకుని చింతచెట్టు దాకా పరుగెత్తాడు.

"ఏమప్పా, యాడికి పోతాండావు?" అని అరిచాడు కృష్ణకాంత్.

"ఈడ నుంచే తీస్తా సార్!" అని అక్కణ్నుంచే అరిచాడు గంగాధర్. "ఇంట్లో పసిబిడ్డలు ఉండారు. మనిషి రాకున్నా డ్రోను వస్తాది. దానికి అంటుకోదు."

"ఏమి అంటుకోదు?"

అప్పుడు నాగప్ప విషయం బయటపెట్టాడు. "బిడ్డకు అమ్మవారు పోసిందంట గదా సామీ. తల్లి ఆడే తల మీద నేను ఇనుము పెట్టను. ఆ పాపం నాకొద్దు."

అదే సమయానికి వసుధ ఫోను మోగింది. ఉమాశంకర్. చెన్నేకొత్తపల్లి దగ్గర కారు పక్కకు ఆపి మాట్లాడుతున్నాడు.

"వసుధా, ఏమీ అనుకోవద్దమ్మా. మీ వదిన అమృతకు ఏడో నెల. ఈ పొద్దు వచ్చి బిడ్డను ఒళ్లో పెట్టుకొని పోతే ఇంట్లోకి రానీదు. బట్టలు బస్సులో ఏసి పంపిస్తా."

"ఎవురు చెప్పినారన్నా అమ్మవారని? వానికి ఏమీ లేదు. బాగుండాడు."

"మరి తల ఎందుకు కప్పినావంట? ముట్టుకోవద్దంటివంట?"

వసుధ బిడ్డ కుల్లాయిని ఇంకాస్త కిందికి లాగింది. గడపలో నిలబడ్డ పూజారి రఘునాథ్ ఆకాశం వైపు చూసి, "అమ్మా, వర్జ్యం వస్తాండాది. ఈ పొద్దు కాకుంటే ఈ సంవత్సరంలో ఇంక లేదు," అన్నాడు.

కృష్ణకాంత్ బావమరిదిని తిట్టాడు, నాగప్పను తిట్టాడు, దాసమ్మను తిట్టాడు, చుట్టాల కోసం చెప్పిన ఓళిగల లెక్క గుర్తొచ్చి వంటవాణ్ణి కూడా తిట్టాడు. కొడుకు కుల్లాయి కింద ఏముందో చూద్దామని మాత్రం ఆయనకు తోచలేదు. ఆయన దిగులంతా ఫొటోల్లో జనం ఉండరనే.

వసుధ గుడి మెట్టు మీద కూర్చుంది. ఆమె ఇరుకు ఆమెకే తెలుసు. కుల్లాయి తీయకపోతే మొక్కు ఈ రోజు తీరదు, మళ్లీ ఏడాది దాకా తీరదు. తీస్తే, మొక్కు నిన్న మధ్యాహ్నమే బొమ్మల మధ్య పాడైందని అందరికీ తెలుస్తుంది. అత్తకు తెలుస్తుంది. జీవితాంతం బిడ్డకు జలుబు చేసినా ఈ మాటే వస్తుంది. గాజుపెట్టె ముందు తాను ఇచ్చిన మాట ఆమె చెవుల్లో మోగింది. తల ఎత్తి చూసింది. లోపల చీకట్లో స్వామి కళ్లు రెండూ వెండిగా మెరుస్తున్నాయి. కుల్లాయి అత్తకు అడ్డం, అన్నకు అడ్డం, ఊరికి అడ్డం. ఆ ఎదురుగా ఉన్నవాడికి అడ్డమా?

ఆమె ఫోనును వీడియో చేసి వీణ చేతికిచ్చింది. "మామకు కనబడేటట్ల పట్టుకో," అని, బిడ్డ తల మీది కుల్లాయి ఊడలాగింది. "సూడన్నా. అందరూ సూడండి. అమ్మవారు లేదు, పొక్కు లేదు. వీణ ఆటలో కత్తెర ఏసింది. దాన్నే దాచినా."

చెమటతో తడిసిన జుట్టు, మధ్యలో నున్నగా గారె అంత చోటు. ఒక్క పొక్కు లేదు. చిన్నా గాలి తగిలి హాయిగా నవ్వాడు.

రంగమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "కత్తెర పడిందా! సామి సొత్తు మీద ఇంట్లో కత్తెరా! మా వంశంలో ఇట్లాంటిది కని విని ఎరగం. నేనూ కన్నా, నేనూ పెంచినా. సామి వాకిట్లో తప్ప ఒక్క వెంట్రుక తెగనీలేదు. ఇది ఊరికే జరగలేదే వసుధా. మీ పుట్టింట్లో ఏదో పాత మొక్కు తీర్సకుండా ఉండారు. పెద్దోళ్ల బాకీ నిలబడితే పిల్లోళ్లది సామి ముట్టుకోడు. అందుకే అడ్డం పెట్టినాడు."

"మా ఇంట్లో ఏ బాకీ లేదత్తా," అన్నాడు ఫోనులోంచి ఉమాశంకర్. అతని గొంతులో భయం పోయి కోపం వచ్చింది. కారు స్టార్టయిన చప్పుడు కూడా వినబడింది. "నేను వస్తాండా. మాట ఆడనే తేల్చుకుందాం."

వీణకు అవ్వ అరుపులకు ఏడుపు వచ్చింది. "నేను ఊరికే కోయలేదు," అంది వెక్కుతూ. "తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకొని, గోవిందా గోవిందా అని కోసినా. ఎంట్రుకలు సామి గూట్లోనే పెట్టినా. దండం గూడా పెట్టినా. పొద్దున అవ్వే వచ్చి, పీచు అని ఊడ్సి పారేసింది."

పూజారి రఘునాథ్ దగ్గు వచ్చినట్టు పైకండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వసుధ కూతుర్ని దగ్గరికి లాక్కుని, ఉదయం నుంచి మొదటిసారి నిండా ఊపిరి తీసుకుంది. మొదటి వెంట్రుకలు స్వామి దగ్గరికే వెళ్లాయి. అక్కణ్నుంచి చెత్తబుట్టకు ఎవరు పంపారన్నది తన పద్దు కాదు.

"దానికేమి తెలుసు, పిల్లది!" అంది రంగమ్మ గొంతు ఇంకా పెంచి. తప్పు తన వైపు తిరిగినప్పుడు గొంతు పెంచడం ఆమెకు అలవాటు. "నేనేమన్నా కావాలని పారేసినానా? అసలు బాకీ ఎవురిదో ముందు అది తేల్సండి!"

"సుమ్నే ఉండక్కా, ఊరికే అరవద్దు," అన్నాడు వెనక నుంచి పాండురంగ. మైసూర్‌పాక్ పొడి చేతులు దులుపుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చాడు. "బాకీ యాడుండాదో నేను చెప్తా. ఇదే మెట్టు మీద ఉండాది."

"రేయ్ పాండూ, నువ్వు గమ్మునుండు."

"ఇన్నేండ్లు గమ్మునే ఉంటి." ఆయన పూజారి వైపు తిరిగాడు. "అయ్యా, ఈ కృష్ణకాంతు అప్పుడు ఇంత బిడ్డ. పుట్టెంట్రుకలు ఈడనే తీస్తాం, మేనమామవు నువ్వు రావల్ల అని కబురు పెట్టినారు. నేను కొత్త సొక్కా, టెంకాయలు మోసుకొని రొళ్ల నుంచి వస్తి. ఈ మెట్టు మీద కూచుంటి. పొద్దు వాలినా ఒక్కరూ రాలే. తర్వాత తెలిసె, ఆ పొద్దు చింతపండు రేటు ఎగిరిందంట, మా బావ మండీ వదిలి కదల్లేదంట. మర్సంవత్సరం అన్నారు. ఆ వారంలోనే హిందూపురం సెలూన్లో వీనికి సినిమా కటింగు కొట్టించి ఫొటో తీయించినారు. ఆ ఫొటో ఇప్పుడు గూడా వాళ్ల హాల్లో ఉండాది. మీరే పోయి సూడండి."

అందరూ రంగమ్మ వైపు చూశారు. ఆమె గుడి గోపురం వైపు చూస్తోంది.

"మర్సంవత్సరం ఇద్దామనే అనుకొంటిమి," అంది చివరికి, చాలా చిన్న గొంతుతో.

"ఎన్ని మర్సంవత్సరాలాయ అక్కా?"

పూజారి కండువా సర్దుకున్నాడు. "రంగమ్మగారు చెప్పిన మాట శాస్త్రంలో ఉందో లేదో నాకు తెలీదు. ఆమె నోట మాత్రం వచ్చింది, సామి ముందర వచ్చింది. పెద్దోళ్లది ముందు. నాగప్పా, కత్తి తియ్."

ఆ మాట తన తలకు సంబంధించినదని కృష్ణకాంత్‌కు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక రెండు చేతులతో జుట్టు పట్టుకున్నాడు.

"కాదు సామీ! నాది... నా జుట్టు... ఇది పుట్టెంట్రుకలు కాదు. అవెప్పుడో పోయినాయి. ఇది పోయిన సంవత్సరం బెంగళూరులో నాటించుకున్నది!"

చింతచెట్టు కింద గంగాధర్ మొదటిసారి రెండడుగులు ముందుకు వచ్చాడు. ఆ జుట్టు రహస్యం అంతవరకు వసుధకు తప్ప ఎవరికీ తెలియదు. చింతపండు మార్కెట్టులో ఆ తల నిగనిగ చూసి ఎంతమంది ఏ నూనె అని అడిగారో!

"నారు యాడి నుంచి తెచ్చినారప్పా?" అని పాండురంగ రైతు కుతూహలంతో అడిగాడు.

"వెనకాల తీసి ముందర నాటినారు మామా."

"అయితే నీ తలదే గదా. మడి మార్సినంత మాత్రాన నారు పరాయిదైతాదా?"

కృష్ణకాంత్ భార్య వైపు చూశాడు. వసుధ చాలా భక్తిగా చేతులు జోడించి స్వామిని చూస్తోంది. తల్లి వైపు చూశాడు. "కూచో నాయనా," అంది రంగమ్మ. కొడుకు తల కన్నా తన పరువు ఆమెకు ఆ క్షణంలో దగ్గరగా ఉంది. "తీర్సుకుంటే పోతాది."

ఆయన నాగప్ప ముందు నేల మీద కూర్చోబోయాడు. నాగప్ప కత్తి ఆపేశాడు.

"ఆడ కాదు సామీ. ఎవురైనా సరే, పుట్టెంట్రుకలంటే మేనమామ ఒళ్లోనే. ఇంకోరకంగా నేను తీయను."

పాండురంగ అప్పటికే మెట్టు మీద పంచె పరుచుకుని, కాళ్లు బారజాపి కూర్చున్నాడు. తొడలు చరిచి, "రాప్పా కృష్ణయ్యా," అని పిలిచాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఎందుకో అదే కృష్ణకాంత్‌ను లొంగదీసింది. చింతపండు బస్తాల పక్కన కూర్చుని బస్తాలాగే పెరిగిన ఆ మనిషి, ఆ బక్క ఒళ్లోకి మెల్లగా దిగాడు. పాండురంగ నోట్లోంచి గాలి 'హుస్' అని బయటికి వచ్చింది. అయినా మేనల్లుడి నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు, పడిపోతాడేమోనన్నట్టు.

డ్రోను మెల్లగా పైకి లేచి వాళ్ల తలల మీద నిలబడింది. అంటుకోదని తేలాక కూడా గంగాధర్ దాన్ని దించలేదు. పాండురంగ మొదటి కుచ్చు కత్తిరించాడు. నాగప్ప నీళ్లు చల్లి మొదలుపెట్టాడు. బెంగళూరు పంట వరుసలు వరుసలుగా స్వామి వాకిట్లో రాలింది. వీణ ఏడుపు ఆపి గోవిందా అంది. నాన్న తల నున్నగా అవుతున్న కొద్దీ చిన్నా కేరింతలు పెరిగాయి.

మధ్యలో ఉమాశంకర్ కారు దిగి, తగాదాకు సిద్ధమైన ముఖంతో మెట్లెక్కి వచ్చాడు. ఎదురుగా బావ ఒక ముసలాయన ఒళ్లో కూర్చుని గుండు చేయించుకోవడం చూసి, అనదలచుకున్న మాటలన్నీ మరచిపోయాడు. "బావా, నీదైనాక మావాణ్ణి తీసుకుంటా," అని చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు. తర్వాత మేనల్లుణ్ణి ఒళ్లో పెట్టుకున్నాడు. మామూలుగా పుట్టువెంట్రుకల్లో కొండ దద్దరిల్లేలా ఏడ్చే వయసు. చిన్నా కిమ్మనలేదు. నాన్నకు జరిగింది తనకూ జరుగుతున్నందుకు గర్వంగా కూర్చున్నాడు. రెండు గుండ్లకూ వసుధే గంధం పూసింది. కొడుక్కి పూసేటప్పుడు ఆమె పెదవులు ఏదో గొణిగాయి. స్వామితో చెప్పుకున్నది మనకెందుకు?

వర్జ్యం రాకముందే కొబ్బరికాయ కొట్టారు, హారతి అద్దుకున్నారు. అందరూ కిందికి బయలుదేరాక చూస్తే పాండురంగ మెట్టు మీదే ఉన్నాడు.

"లే మామా, పోదాం," అన్నాడు కృష్ణకాంత్.

"నువ్వు లేసినావు గానీ, నా కాళ్లు ఇంకా లేయలేదప్పా," అన్నాడు ఆయన నవ్వుతూ.

గుండు మెరుస్తుండగా కృష్ణకాంత్ మేనమామను వీపున వేసుకుని మెట్లు దిగాడు. స్వామి బాకీ ఇన్నాళ్లకు తీరింది; వడ్డీ మాత్రం పాండురంగ మోకాళ్లు కట్టాయి.